మిరపపండు రంగు మంట

గద్వాల మిల్లులో బాయిలరు చూసిన ముసలాయన కంటి ఆపరేషనుకని హైదరాబాదు వచ్చి, ఎవరినో అడిగి మా ఇల్లు కనుక్కుని నన్ను చూడటానికి వచ్చాడు. చాయ్ తాగుతూ పాతవాళ్ళ కబుర్లన్నీ చెప్పాడు. ఎవరు ఎక్కడ స్థిరపడ్డారో, ఎవరికి కాలు విరిగిందో, మిల్లు గోడలు ఎవరు కూలగొట్టి రాళ్ళు ఎత్తుకుపోయారో అన్నీ అయ్యాయి. లేచి చెప్పులు తొడుక్కుంటూ, అప్పుడే గుర్తొచ్చినట్టు అన్నాడు.

"అవును సారూ, మన మన్నామె సచ్చిపోయింది, తెల్సునా? పోయిన ఎండకాలం."

తెలియదన్నాను. "మంచి మనిషే. గా కల్తీ పని ఒక్కటి జెయ్యకుంటె బాగుండు" అని ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆయనను ఆపి, ఆమె కల్తీ చెయ్యలేదని చెప్పడానికి నాకు మెట్ల చివరిదాకా సమయం ఉంది. చెప్పలేదు.

మన్నామె అన్నది ఆమె పేరు కాదు. మిల్లులో అందరం అట్లా పిలిచేవాళ్ళం. ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన చక్కని పేరుంది, నాకు తెలుసు. దాన్ని రాయవలసిన కాగితం ఒకటి ఒకప్పుడు నా చేతిలో ఉండింది. అందులో రాయలేదు. ఇప్పుడిక్కడ రాస్తే ఆమెకు ఒరిగేదేమీ లేదు, నాకే కొంచెం హాయిగా ఉంటుంది. ఆ హాయి నాకు వద్దు.

ఆమెది అమరచింత. కుమ్మరి ఇంటి కోడలు. నేను చూసేనాటికే భర్త లేడు. నలభై దాటి ఉంటాయి. పొడుగు మనిషి, నడుము దగ్గర కొంచెం వంగినా పొడుగే. ఎదుటి మనిషి ముఖం చూసి మాట్లాడే అలవాటు లేదు; పాదాలు చూసి మాట్లాడేది. నన్ను సారూ అనేది, కానీ మీరు అనేది కాదు. సేటును కూడా అనలేదు.

ఆమెకు మన్నును చూడటమంటే నాలుకకు ఆనించడమే. ముందు చెంబెడు నీళ్ళతో మూడుసార్లు నోరు పుక్కిలించేది. తర్వాత ఎండిన మట్టిపెళ్ళను నాలుక కొసకు అంటించి చెయ్యి వదిలేసేది. మన్నులో సన్నని రంధ్రాలు ఎక్కువగా ఉంటే అది తడిని లాక్కుని నాలుకను పట్టుకుంటుంది. కొన్ని పెళ్ళలు వెంటనే రాలిపోయేవి. కొన్ని వేలాడేవి. అట్లా నాలుక చాపుకుని, దాని కొసన మట్టిపెళ్ళ వేలాడుతూ, నడివయసు ఆడమనిషి నిటారుగా నిలబడి ఉంటే చూసినవాళ్ళు నవ్వేవారు. నేనూ మొదటిరోజు నవ్వాను. ఆమె పెళ్ళను ఊడబెరికి, ఉమ్మి, నా కాళ్ళవైపు చూస్తూ, "నవ్వితె మన్ను మంచిగైతదా?" అంది.

ఆ ఇంట్లో అత్తా తోడికోడలూ అందరూ ఆకువక్క నమిలేవారు. ఆమె ముట్టేది కాదు. "ఆకు నమిలితె నాలిక మొద్దుబారుతది. మొద్దు నాలికకు మన్ను ఏం జెప్తది?" అనేది.

తర్వాత ఒకసారి, ఆమె మంచివీ చెడ్డవీ అని వరుసగా పెట్టిన ఏడు రకాల మట్టిని నేను కాలేజీలో నేర్చుకున్న పద్ధతిలో, తూచి నీళ్ళలో నానబెట్టి మళ్ళీ తూచి పరీక్షించాను. ఆమె పెట్టిన వరుసే వచ్చింది. ఒక్కటి కూడా తారుమారు కాలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

నాకు ఆమెతో ఏం పనో చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. గద్వాల స్టేషనుకు దగ్గరలో ఒక సేటుకు పల్లీనూనె మిల్లు ఉండేది. నూనెను గట్టిపరిచి సబ్బులవాళ్ళకు అమ్ముదామని ఆయన ఒక చిన్న కర్మాగారం పెట్టాడు. నన్ను రసాయనం చదివినవాడినని పనిలోకి తీసుకున్నాడు. నాకు ఇరవైనాలుగేళ్ళు. నాగర్‌కర్నూల్‌లో బడిపంతులు కొడుకును. మా ఇంట్లో మొదటి బి.ఎస్సీ.

కాగిన నూనెలోకి హైడ్రోజను వాయువును పంపితే నూనె గడ్డకడుతుంది. కానీ ఊరికే పంపితే కట్టదు. నూనెకూ వాయువుకూ మధ్య పెళ్ళిపెద్దలాగా నికెల్ లోహం ఉండాలి. నికెల్ ముద్దగా ఉన్నా పనికిరాదు. కంటికి కనపడనంత చిన్న రేణువులుగా విడివిడిగా ఉండాలి. వాటిని అట్లా విడదీసి కూర్చోబెట్టడానికి ఒక ఆసరా కావాలి. అదే మన్ను. లోపలంతా రంధ్రాలున్న మన్ను అయితే నికెల్ దాని గదుల్లోకి పోయి కూర్చుంటుంది, నూనె ఆ గదుల్లోకి పోయి వస్తుంది. రంధ్రాలు లేని మన్ను అయితే నికెల్ పైన పేరుకుని, వేడికి ఒకదానికొకటి అంటుకుని చచ్చిపోతుంది. లోహం అదే, తూకం అదే. కింద ఉన్న మన్నును బట్టి ఒకటి పనిచేస్తుంది, ఒకటి చెయ్యదు.

ఆ మన్ను యుద్ధానికి ముందు జర్మనీ నుంచి వచ్చేది. యుద్ధంతో ఆగిపోయింది. పాత సరుకులో సేటు ఎట్లాగో సంపాదించిన రెండు డబ్బాలు చూసుకుంటూ నేను వనపర్తి, ఆత్మకూరు, మక్తల్ దిక్కులన్నీ తిరిగాను. సుద్దమన్ను, చవుడు, వాగుల ఒండ్రు అన్నీ తెచ్చి చూశాను. ఏదీ పనికి రాలేదు. పోసిన నీళ్ళను గంటలో చల్లబరిచే కుండలు అమరచింతలో ఉంటాయని ఎవరో చెబితే ఆమె ఇంటికి పోయాను.

జర్మనీ మన్నును చిటికెడు ఆమె అరచేతిలో పోశాను. నీళ్ళ చుక్క వేసి చూసింది. నాలుక మీద వేసుకుంది. పళ్ళ మధ్య నలిపింది.

"గిది నీళ్ళు బాగ తాగుతది. కానీ బురద గాదు. కరకరమంటది. గిట్లాంటిది మా తాన లేదు."

"ఎక్కడ దొరుకుతుంది?"

"దొరకదు. జేస్కోవాలె."

ఆమె చేసింది. తెల్లమన్నులో వరి ఊకను దంచి కలిపి, గోలీలంత ఉండలు చేసి, ఎండబెట్టి, కుండలు కాల్చే బట్టీలో, అదే ఆవంలో, కాల్చింది. ఊక కాలిపోయి దాని చోటు ఖాళీ అయింది. ఊక బూడిదలో ఉన్న ఇసుకలాంటి పదార్థం, అదే సిలికా, మన్నులో మిగిలింది. ఆ ఉండలను దంచి, నేను ఆమ్లంలో ఉడకబెట్టి కడిగి, వాటి మీద నికెల్ ఎక్కించాను. మంట దగ్గర ఆమె ఎవరినీ రానిచ్చేది కాదు. పట్టపగలు మంట రంగు సరిగా కనపడదని నల్ల గొంగడి తల మీదుగా కప్పుకుని, ఆవం రంధ్రానికి ముఖం ఆనించి చూసేది. గొంగడి లోపలి నుంచే అరిచేది.

"మిరపపండు రంగు! ఆపుండ్రి! ఇగ కట్టె వెయ్యకుండ్రి!"

ఆ రంగు దాటనిచ్చేది కాదు. ఎండాకాలం ఎండలో, ఆవం ముందు, గొంగడి కప్పుకుని గంటల తరబడి. బయటికి వచ్చేసరికి కనుబొమ్మలు కాలిన వాసన వచ్చేది.

మొదటిసారి నూనె గడ్డకట్టిన రోజు బాగా గుర్తుంది. ఒక చుక్కను చల్లటి పళ్ళెం మీద వేస్తే తెల్లగా పేరుకుంది. బాయిలరు ఆయన ఈల వేశాడు. సేటు నా వీపు తట్టాడు. నేను పళ్ళెం అమరచింతకు తీసుకుపోయి ఆమెకు చూపించాను. వేలితో పొడిచి, ముద్ద తీసి, అరచేతిలో రుద్దింది.

"నెయ్యి లెక్క ఉన్నది. నెయ్యి గాదు. దీంతోని ఎవరిని మోసం జేస్తరు?"

"సబ్బుకు ఇది."

"ఇయ్యాల సబ్బుకు" అంది. ఆ మాట నిజమే అయింది. రెండు నెలల్లో సేటు గట్టిపడిన నూనెను డబ్బాలకెత్తి నేతి వ్యాపారులకు పంపడం మొదలుపెట్టాడు. మిల్లులో అందరికీ తెలుసు. దాన్ని మాత్రం ఎవరూ కల్తీ అనలేదు.

సేటు ఆమెను గద్వాలకు రమ్మన్నాడు. మిల్లు వెనక ఆవం కట్టించాడు. ఆమె వచ్చేటప్పుడు ఒక పెద్ద పని చేసి వచ్చింది. కుమ్మరివాళ్ళకు ఊళ్ళో ఇన్ని ఇళ్ళని ఉంటాయి. ఆ ఇళ్ళకు ఏడాదంతా కుండలు ఇస్తే కల్లం మీద గింజలు ఇస్తారు. భర్త వాటా కింద తనకున్న ఇళ్ళను మరిదికి వదిలేసి వచ్చింది. ఒకసారి వదిలితే అవి తిరిగి రావని ఆమెకు తెలుసు. "మా ఇంట్ల ఆడోళ్ళు కుండ జేసే సారె ముట్టొద్దంటరు. మన్ను తొక్కుమంటరు, కట్టెలు మొయ్యుమంటరు. కుండ మాత్రం మగోని పేరు మీద వోతది. ఈడ నేను జేసింది నాదే గదా సారూ?" అని అడిగింది. నీదేనన్నాను.

దాదాపు ఏడాది బాగా నడిచింది. తర్వాత ఒక చిక్కు వచ్చింది. దంచిన మన్ను మరీ మెత్తగా ఉండి, గట్టిపడిన నూనెను వడకట్టే గుడ్డల్లో ఇరుక్కునేది. యుద్ధకాలంలో ఆ గుడ్డలు దొరకడమే గగనం. సేటు రోజూ నా మీద కేకలేసేవాడు. నాకు ఒక ఉపాయం తట్టింది. ఉండలను ఇంకా గట్టిగా కాలిస్తే మన్ను పొడిపొడి కాకుండా రవ్వలాగా నిలుస్తుంది, గుడ్డల్లో ఇరుక్కోదు. మంట పెంచమని ఆమెకు చెప్పాను.

"ఎంత రంగుదాంక?"

"బంతిపువ్వు రంగు వచ్చేదాకా."

ఆమె మొదటిసారి నా ముఖం చూసింది. "వద్దు సారూ. గా రంగొస్తె మన్ను నోరు మూసుకుంటది. లోపల గూడులన్ని కరిగి ఒకటైతయి. ఇగ అది నీళ్ళు తాగదు, నూనె తాగదు. కుండ మోగుతది గని సల్లపరచదు."

మిల్లు కూలీలు నలుగురు అక్కడే ఉన్నారు. ఒకడు కిసుక్కున నవ్వాడు. నిజం చెప్పాలంటే ఆ నవ్వు వల్లనే నేను మొండికేశాను. ఆమె చెప్పింది తప్పని నేను అనుకోలేదు. నా పుస్తకాల్లోనూ అదే రాసి ఉంది. అయినా నలుగురి ముందు వెనక్కి తగ్గడం చేతకాలేదు.

"నువ్వు మన్ను కాల్చే మనిషివి. ఏం కావాలో చెప్పేది నేను. చెప్పినట్టు చెయ్యి" అన్నాను.

"నువ్వే జెప్పినవు, గుర్తుంచుకో" అంది. గొంగడి కప్పుకుంది.

ఆ మన్ను గట్టిగా, అందంగా వచ్చింది. పళ్ళెంలో పోస్తే గలగలమంది. దాని మీద సేటు దగ్గరున్న నికెల్ అంతా ఎక్కించాను. పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా వాయువు పంపాం. చుక్క తరువాత చుక్క పళ్ళెం మీద వేశాను. నూనె నూనెగానే ఉంది. పైగా నికెల్ ఊడి వచ్చి నూనె బూడిదరంగుకు తిరిగింది. యుద్ధంలో మళ్ళీ సంపాదించలేని లోహం అట్లా పోయింది.

మరునాడు సేటు తన గదిలోకి ఇద్దరినీ పిలిచాడు. నాకు కుర్చీ వేశారు. ఆమె గడప దగ్గర నిలబడింది. తలుపు బయట మిల్లు జనమంతా ఉన్నారు. ఆమె కొంగు ముడిలో రెండు ఉండలు తెచ్చింది, మునుపటి మంటలో కాలింది ఒకటి, కొత్తది ఒకటి. చెంబెడు నీళ్ళు అడిగి రెంటినీ అందులో వేసింది. పాత ఉండ సుయ్‌మంటూ బుడగలు వదిలింది. కొత్తది గులకరాయిలా అడుగుకు పోయి ఊరుకుంది.

"సూడు సేటూ. గిది తాగింది. గిది తాగలె. మన్ను ఒక్కటే, ఊక ఒక్కటే. మంట జాస్తయింది."

"జాస్తి మంట ఎవరు పెట్టుమన్నరు?" అన్నాడు సేటు.

"సారున్నడు గదా. అడుగు."

సేటు నా వైపు తిరిగాడు. "క్యా జీ? నువ్వు చెప్పినవా?"

అప్పుడు నా లోపల ఏం నడిచిందో ఇప్పటికీ పూసగుచ్చినట్టు గుర్తుంది. నాగర్‌కర్నూల్‌లో మా నాన్న నా ఉద్యోగం గురించి బడిలో అందరికీ చెప్పుకున్నాడు. చెల్లెలి చదువు ఉంది. ఇవన్నీ నిజాలే. కానీ వాటి కన్నా ముందు మెదిలింది బయట ఉన్నవాళ్ళ నవ్వు. ఆవం దగ్గర నవ్వినవాళ్ళు ఇప్పుడు ఇంకా పెద్దగా నవ్వుతారు.

"మంట వల్లనే అని చెప్పలేం. మన్నులో ఏదైనా కలిసి ఉండొచ్చు" అన్నాను.

అబద్ధం అని ఎవరూ పట్టుకోలేని మాట. చదువుకున్నవాడి మాట. కలిసి ఉండొచ్చు అన్న మాట గడప దాటేసరికి కలిపింది అయింది. సాయంత్రానికి గద్వాల బజారులో కల్తీ అయింది.

సేటు ఆమెను తిట్టాడు. ఆమె ఏదో ఒకటి అంటుందనీ, అరుస్తుందనీ నేను తల వంచుకుని కూర్చున్నాను. నా కాళ్ళ వైపు కాకుండా ముఖం వైపే చూస్తోందని మాత్రం తెలుస్తోంది. చివరకు, "ఇంకోపారి అడుగు సేటూ, సారు మర్శిపోయినట్టుండు" అంది.

సేటు అడగలేదు. నేను గుర్తు చేసుకోలేదు.

ఆమెను పనిలోంచి తీసేసిన తర్వాత ఆవం ఒక ఇటుకబట్టీ మనిషికి అప్పజెప్పారు. నేను అతనికి ఊక ఎంతో, ఎండబెట్టడం ఎట్లానో, మంట ఏ రంగు దగ్గర ఆపాలో అన్నీ ఆమె చెప్పినట్టే నేర్పాను. నికెల్ మళ్ళీ దొరికాక నూనె మళ్ళీ గడ్డకట్టింది. సేటు సంతోషించాడు. ఆ పద్ధతిని నేనొక నివేదికగా రాశాను. స్థానికమైన మన్నుకు వరి ఊకను చేర్చి, తక్కువ వేడిమి దగ్గర కాల్చి, జర్మనీ మన్నుకు బదులుగా వాడే పద్ధతి. కనుగొన్నవారు అన్నచోట ఒకటే పేరుంది. ఆ కాగితం చూసే నాకు హైదరాబాదులో ఇప్పటి ఉద్యోగం ఇచ్చారు.

యుద్ధం అయిపోయాక ఒక ఎండాకాలం నాగర్‌కర్నూల్ వెళ్ళాను. మా నాన్న పనిచేసిన బడికి కొత్త గదులు కడుతున్నారు, చూడమని పంపాడు. ఇటుకల కోసం మట్టి తొక్కేవాళ్ళలో ఆమె ఉంది. మోకాళ్ళ దాకా బురద. నన్ను కాళ్ళను బట్టే గుర్తుపట్టి ఉంటుంది, ముందు అవే చూసింది.

"బాగున్నవా సారూ?"

"నువ్విక్కడ ఏంది? ఊరికి పోలేదా?"

"పోయిన. మా మరిది ఇండ్లు ఇయ్యనన్నడు. కల్తీ జేసినదాని శేతి కుండ ఎవరు తీస్కుంటరన్నడు. సంతల కూసుంటె, ఆడోళ్ళు కుండ తీసి కొట్టి సూసి, మళ్ళ పెట్టిపోయిండ్రు. మన్నుల ఉప్పు కలుపుతనని, బూడిద కలుపుతనని. ఆర్నెల్లు సూసిన. ఇగ ఇటొచ్చిన."

తొక్కుతూనే చెప్పింది. మేస్త్రీ అటు చూస్తున్నాడు. నేను ఇన్నేళ్ళుగా లోపల కూర్చుకున్న మాటలు మొదలుపెట్టాను. ఆ రోజు నేను చెప్పవలసింది, నా తప్పు, నన్ను క్షమించు...

"నాకెందుకు జెప్తున్నవు?" అంది.

ఆమె తొక్కడం ఆపింది.

"నాకు తెల్వదా? మంట పెట్టింది నేనే గదా. తెల్సినోళ్ళకు జెప్పుడేంది? తెల్వనోళ్ళకు జెప్పు. మా మరిదికి జెప్పు. కుండ కొట్టి సూసి పెట్టిపోయినోళ్ళకు జెప్పు." బురదలోంచి ఒక కాలు పైకి తీసి గట్టు మీద పెట్టింది. "నువ్వు జెప్తె ఇంటరు సారూ. నువ్వు సదువుకున్నోనివి. గప్పుడు నువ్వన్న ఒక్క మాటనే గద ఇన్నరు. వచ్చే సంత నాడు మా ఊరికి రా. నేనొస్త. నలుగుర్ల నిలవడి, ఈమె కల్తీ జెయ్యలేదు, మంట పెట్టుమన్నది నేను అని ఒక్క మాట జెప్పు. గంతే. ఇగ నిన్నేం అడుగ."

"వస్తాను" అన్నాను.

"వస్తవా?"

"తప్పకుండా వస్తాను."

ఆమె ముఖంలో ఏదో మారింది. దాన్ని నవ్వు అనలేను. మేస్త్రీ వైపు తిరిగి, తనే కేకేసింది. "ఓ మేస్త్రీ! సంత నాడు నేను పనికి రాను. ఊళ్ళె పనున్నది నాకు!"

నేను వెళ్ళాను. వెళ్ళలేదని ఎవరూ అనుకోవద్దు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఏం మాట్లాడాలో దారి పొడుగునా లోపల అనుకుంటూ, అమరచింతకు టికెట్ తీసుకుని బస్సెక్కాను. సంత రోడ్డు పక్కనే. బస్సు మెల్లగా వచ్చి ఆగింది. కిటికీలోంచి చూశాను. కుండలు అమ్మేవాళ్ళ వరుస చివర ఆమె ఉంది. ముందు కుండలేవీ లేవు. ఉతికిన చీర కట్టుకుంది. తల దువ్వుకుంది. పక్కన పదీ పదిహేనుమంది నిలబడి ఉన్నారు. మరిది కాబోలు, ఒకడు చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. ఎవరినో అడిగి తెచ్చిన ఒక కుర్చీని ఆమె కొంగుతో తుడుస్తోంది. ఆ ఎండలో, ఆ మట్టిలో, ఆ ఒక్క కుర్చీ. నాకోసం.

కండక్టరు తలుపు తీసి పట్టుకున్నాడు. "అమరచింత! అమరచింత దిగేటోళ్ళు దిగుండ్రి. సారూ, మీరీడనే గదా?"

ఆమె తలెత్తి బస్సు వైపు చూసింది. దిగుతున్నవాళ్ళ కాళ్ళను ఒక్కొక్కరివీ చూస్తోంది.

నేను కిటికీ నుంచి వెనక్కి జరిగి, "లేదు, ఇంకా ముందుకు పోవాలి. ఆత్మకూరుకు టికెట్ ఇవ్వు" అన్నాను.